తల కొట్టరాని చెట్టు

"ఏమప్పా, వారం వారం తోటల సంగతి రాస్తావు గదా, ఒకసారి వచ్చి నా చెట్టు గతి చూసి పో" అని కిందటేడు హిందూపురం నుంచి ఒక మిత్రుడు ఫోను చేశాడు. గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువగా వినిపించింది. మరునాడే ధర్మవరంలో రైలెక్కాను.

ఈ మిత్రుడు చింతపండు మండీలో లెక్కలు రాసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. ఇరవై రెండేళ్ల కిందట, కూతురు పుట్టిన సంవత్సరం, బెంగళూరు లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూడబోయి, తిరిగి వస్తూ ఒక మొక్క కొనుక్కొచ్చాడు. మోకాలెత్తు మొక్క. నిటారుగా ఒకే కాండం, దాని చుట్టూ గొడుగు ఊచల్లా కొమ్మలు, ఒక అంతస్తు మీద ఇంకొక అంతస్తు. అమ్మినవాడు క్రిస్మస్ చెట్టన్నాడు. ఇంట్లోవాళ్లు గోపురం చెట్టన్నారు. ప్రహరీగోడకు నాలుగడుగుల దూరాన గుంత తీసి నాటారు. పైన కరెంటు తీగ ఉన్నదా లేదా అని అప్పుడెవరూ తలెత్తి చూడలేదు. మోకాలెత్తు మొక్కను నాటేటప్పుడు ఆకాశం సంగతి ఎవరికి తోస్తుంది?

నేను వెళ్లేసరికి ముప్పై అడుగుల చెట్టు మొండిగా నిలబడి ఉన్నది. తీగలకు తగులుతున్నదని ఎవరో మనుషులు వచ్చి పైనుంచి ఆరడుగులు నరికి వెళ్లారట. కలశాలు ఊడదీసిన గాలిగోపురంలా ఉన్నది చూడడానికి. మిత్రుడి భార్య గడపలో నిలబడి, "కొమ్మలు కొట్టినా బాగుండునన్నా, తలే తీసేసినారు. ఇంగ పెరుగుతుందా ఇది?" అని అడిగింది.

"పెరగడమైతే పెరుగుతుందమ్మా. కానీ..." అన్నాను.

ఆ 'కానీ' వెనక ఉన్న సంగతి చెప్పడానికే ఈ వారం కలం పట్టాను. ఎందుకంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ కొత్త ఇల్లు కట్టినవారికి ఈ మొక్క మీద మోజు కలుగుతున్నది. కొనేవారిలో చాలామంది నా మిత్రుడు చేసిన పొరపాటే చేస్తున్నారు.

ముందు ఈ చెట్టు ఎవరో తెలుసుకుందాం. దీని పేరు అరకేరియా. పువ్వులు పూయకుండా, పొలుసుల గుత్తుల వంటి శంకువుల్లో విత్తనాలు కట్టే చెట్ల జాతిది. హిమాలయాల దేవదారు, పైను చెట్లు కూడా ఆ జాతివే. సన్నగా కోసుగా పెరిగిన ప్రతిదీ ఈ జాతి అనుకోకండి. వీధుల వెంట వరుసగా నాటే సన్నని అశోక చెట్టు ఈ జాతి కాదు. సూదుల వంటి ఆకులతో, కాయలు కూడా అచ్చంగా చిన్న శంకువుల్లా కనిపించే సరుగుడు చెట్టు సైతం కాదు. సరుగుడు సూదిని రెండు చేతులా పట్టి లాగి చూడండి, కణుపు దగ్గర టక్కున ఊడి వస్తుంది. అది ఆకు కాదు, పచ్చని సన్నరెమ్మ. అసలు ఆకులు కణుపుల చుట్టూ కంటికి ఆనీ ఆనని పొలుసుల్లా ఉంటాయి. సరుగుడు పూస్తుంది కూడా. వేషం మాత్రమే శంకువృక్షానిది.

దక్షిణ దేశంలో తనంత తానుగా పెరిగే శంకువృక్షం ఒకే ఒక్కటి. అది పడమటి కనుమల తడి అడవుల్లో ఉన్నది. మన కొండల్లో అసలే లేదు. కాబట్టి మన తోటల్లో కనబడే ఈ జాతి చెట్లన్నీ వచ్చిన చుట్టాలే. చుట్టాన్ని పిలిచినప్పుడు ఆయన ఊరి అలవాట్లేమిటో కనుక్కోవడం మర్యాద గదా!

అరకేరియా ఊరు దక్షిణ పసిఫిక్ సముద్రం. 1774లో కెప్టెన్ కుక్ ఆ ప్రాంతాల్లో తిరుగుతుండగా, న్యూ కాలెడోనియా పక్కనున్న ఒక దీవి మీద నిలువునా లేచిన స్తంభాల వంటివి దూరం నుంచి కనిపించాయి. అవి చెట్లా, రాతి స్తంభాలా అని ఓడలో వాదోపవాదాలు జరిగాయి. కూడా వచ్చిన ప్రకృతి శాస్త్రజ్ఞులు రాళ్లేనన్నారు. కుక్ చెట్లన్నాడు. కుక్కే గెలిచాడు. ఆ దీవికి పైన్ చెట్ల దీవి అనీ, ఆ చెట్టుకు కుక్ పైన్ అనీ పేరు నిలిచింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆయన నార్‌ఫోక్ దీవి చేరి ఇంకొక రకాన్ని చూశాడు. ఓడ స్తంభాలకు దివ్యంగా పనికొస్తుందనుకున్నారు. తరవాత చూస్తే ఆ కలప అందుకు ఆగలేదు. పడవకు పనికిరాకపోయినా పతాకకు పనికొచ్చింది. నార్‌ఫోక్ దీవి జెండా మధ్య ఈనాటికీ ఆ చెట్టు బొమ్మే ఉన్నది.

మన నర్సరీల్లో ఈ రెండు రకాలనూ ఒకే పేరుతో అమ్ముతారు. చిన్నప్పుడు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. నార్‌ఫోక్ అని కొన్నది పెద్దయ్యాక కుక్ పైన్ అని తేలడం మన దేశంలో మామూలు. గుర్తులు చెబుతాను. నార్‌ఫోక్ రకం కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉంటుంది. అంతస్తుల మధ్య ఎడం బాగా కనిపిస్తుంది. కుక్ రకం స్తంభంలా సన్నగా పెరుగుతుంది. బెరడు కాగితం చుట్టల్లా పొరలు పొరలుగా లేస్తుంది. అన్నిటికీ మించిన గుర్తు, అది వాలి ఉంటుంది.

మిత్రుడి చెట్టూ వాలే ఉన్నది. "గోడ నీడకో, గాలికో ఒరిగిందనుకున్నాము. తాడు కట్టి రెండేండ్లు లాగినాను" అన్నాడు. తాడు కట్టి ప్రయోజనం లేదు. 2017లో శాస్త్రజ్ఞులు కొందరు ఐదు ఖండాల్లో 256 కుక్ పైన్ చెట్లను కొలిచి చూశారు. సగటున ఎనిమిదిన్నర డిగ్రీల వాలు కనిపించింది. ఆ వాలు కూడా ఇష్టం వచ్చిన దిక్కుకు కాదు. భూమధ్యరేఖకు ఉత్తరాన పెరిగినవి దక్షిణానికీ, దక్షిణాన పెరిగినవి ఉత్తరానికీ వాలుతున్నాయి! రేఖకు దూరమయ్యే కొద్దీ వాలు పెరుగుతున్నది. ఈ లెక్కన హిందూపురంలో కుక్ పైన్ దక్షిణానికి వాలడమే దాని ధర్మం. లేపాక్షిలో వేలాడే స్తంభాన్ని చూడడానికి దేశదేశాల నుంచి వస్తారే, ఈ వాలే స్తంభం మన పెరట్లోనే ఉంటే తాడు కట్టి లాగడమెందుకు? నాటేటప్పుడే దక్షిణం పక్క ఖాళీ వదిలితే చాలు.

ఇక అసలు చిక్కు నీళ్ల దగ్గర. నార్‌ఫోక్ దీవిలో ఏడాదికి దాదాపు 1300 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మన అనంతపురం సీమలో సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఆ తేడా ఎవరు పూడ్చాలి? మన బిందె పూడ్చాలి. ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. హిందూపురం రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్నది. బెంగళూరు గాలి కొంచెం సోకుతుంది. రైల్లో పెనుకొండ మీదుగా ధర్మవరం దిగి వచ్చేసరికి ఎత్తు దాదాపు పన్నెండు వందల అడుగులకు పడిపోతుంది. ఎండ అంతకంత ముదురుతుంది. కాబట్టి లాల్‌బాగ్‌లో చూసినది హిందూపురంలో కాస్త శ్రమతోనూ, ధర్మవరంలో ఎక్కువ శ్రమతోనూ వస్తుందని ముందే గుండె దిటవు చేసుకోండి.

నాటదలచినవారికి నా అనుభవంలో తేలిన పద్ధతి ఇది.

మొక్కను కొనేటప్పుడు నడినెత్తి చూడండి. కొనమొగ్గ చెక్కుచెదరకుండా, ఒక్కటే ఉండాలి. గుబురుగా కనబడాలని ఒకే కుండీలో మూడు నాలుగు మొక్కలు కలిపి పెట్టి అమ్మడం కద్దు. అలాంటివి కొంటే లేతగా ఉన్నప్పుడే వేళ్లు తెగకుండా విడదీసి, వేరు వేరుగా పెంచాలి. కలిసి పెరిగితే ఒకదాన్నొకటి నొక్కుకుని ఏదీ సొంపుగా ఉండదు.

నాటే కాలం మృగశిర అనుకోకండి. మన సీమలో అసలు వానలు సెప్టెంబరులో కురుస్తాయి. ఆగస్టు నెలాఖరుకు నాటితే వానలూ, వాటి వెనక చలికాలమూ కలిసి వస్తాయి. వేసవి రాకముందే వేరు నిలదొక్కుకుంటుంది.

గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. తీసిన ఎర్రమన్నులో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, కొంత ఇసుక, రెండు దోసిళ్ల వేపపిండి కలపండి. వేపపిండి చెదలకు విరుగుడు. ధర్మవరం పక్క నల్లరేగడి అయితే గుంతలో కాక, అడుగెత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి. ఈ చెట్టు వేరుకు తేమ కావాలి గాని నిలవనీరు పనికిరాదు.

నీళ్లకు మన పెద్దల కుండ పద్ధతిని మించినది లేదు. నూనె మెరుగు లేని మట్టికుండను మొక్కకు రెండడుగుల దూరంలో మెడదాకా పాతి, నింపి, మూత పెట్టండి. కుండ చెమ్మగిల్లుతూ వేరుకు తేమ అందిస్తుంది. పాదులో వేరుశనగ పొట్టు నాలుగంగుళాల మందాన పరవండి. మన సీమలో దానికి కొదవ లేదు. కాండానికి జానెడు దూరం వదిలి పరవాలి, లేకపోతే చెదలు పొట్టు మీదుగా కాండాన్ని పట్టుకుంటాయి. మొదటి మూడు వేసవులు గండం. పడమటి ఎండ తగలకుండా తాటాకు తడిక నిలబెట్టండి. మూడు రోజులకొకసారి రెండు బిందెల నీళ్లు తప్పకూడదు. పెళ్లికని, తీర్థయాత్రకని ఇరవై రోజులు ఊరు విడిచిపోతే పక్కింటివారికి చెప్పి వెళ్లండి. ఎండకు కింది అంతస్తు కొమ్మలు మాడి రాలితే, నార్‌ఫోక్ రకంలో అవి మళ్లీ రావు. చెట్టు బతికినన్నాళ్లూ ఆ వేసవి మరపు దాని ఒంటి మీద కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ 'కానీ' దగ్గరకు వద్దాం.

వేపను కొట్టండి, చిగురిస్తుంది. కానుగను కొట్టండి, ఇంకా గుబురవుతుంది. వాటిలో పక్క కొమ్మకు తలయ్యే శక్తి ఉన్నది. అరకేరియాలో ఆ శక్తి లేదు. దాని పక్క కొమ్మ పుట్టుకతోనే పక్క కొమ్మ. ఆ కొమ్మను కోసి నాటి చూడండి. వేరు పట్టవచ్చు, బతకవచ్చు. ఎన్నేళ్లు గడిచినా అది పక్కకే పాకుతుంది గాని నిలబడి చెట్టు కాదు. నిలువుగా పెరిగే గుణం నడినెత్తి మొగ్గలోనే ఉన్నది. అది పోతే ఏం జరుగుతుంది? నరికిన చోటుకు దిగువన కాండంలో నిద్రపోతున్న మొగ్గలు మేలుకుంటాయి. రెండో మూడో నిలువు రెమ్మలు లేచి, నేనంటే నేనని పోటీ పడతాయి. చెట్టు చావదు, కానీ ఆ గోపురం సొగసు పోతుంది. ఏ సొగసు కోసం ఇరవై ఏళ్లు నీళ్లు పోశామో అదే పోతుంది.

అందుచేత ఈ చెట్టు విషయంలో కత్తెరకు పనిలేదు, చోటుకే పని. గోడకు ఇరవై అడుగుల దూరం ఉండాలి. పైన తీగ ఉండకూడదు. అరవై అడుగుల ఆకాశం వదలగలిగితేనే నేలలో నాటండి. అంత చోటు లేనివారు సిగ్గుపడనక్కరలేదు. పెద్ద కుండీలో పెట్టి, వారానికొకసారి కుండీని పావు వంతు తిప్పుతూ, వరండా అంచున వెలుతురులో ఉంచుకుంటే చాలా ఏళ్లు నిదానంగా పెరుగుతూ ముద్దుగా ఉంటుంది. ధర్మవరంలో నా ఇంట్లో ఉన్నది అటువంటిదే. మగ్గాల సందడి వినిపించే ఇరుకు సందులో నేలమీద నాటే చోటు నాకెక్కడిది?

కత్తెర ఆడించాలని చేతులు దురద పెట్టేవారికి వేరే చెట్టున్నది. తిరుగు ప్రయాణంలో పెనుకొండలో దిగి మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. 1565 యుద్ధం తరవాత విజయనగర ప్రభువులు వచ్చి తలదాచుకున్న కొండ అది. కొండ పాదంలో గులకనేల, రాతి వేడి. అక్కడ మా చెల్లెలు తూజా మొక్కల్ని వాకిట దడిగా పెంచుతున్నది. చైనా దేశపు శంకువృక్షం ఇది. విసనకర్రను నిలువుగా పెట్టినట్లు ఆకులు పలకలు పలకలుగా ఉంటాయి. చదువు వస్తుందని పిల్లలు ఆ రెమ్మల్ని పుస్తకాల్లో దాచుకునే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అరకేరియా కంటే ఇది ఎండకు ఓరుస్తుంది, తక్కువ నీళ్లతో సర్దుకుంటుంది, కత్తిరింపుకు లొంగుతుంది. ఒక్కటే షరతు. పచ్చని భాగాన్నే కత్తిరించాలి. ఆకులేని పాత గోధుమరంగు కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు, దడిలో కన్నం అలాగే ఉండిపోతుంది. ఎండాకాలం ఆకులు తుప్పు రంగుకు తిరిగితే ఎర్రనల్లి పట్టిందేమో చూడండి. సాయంత్రం పూట నీటి ధారతో ఆకుల్ని గట్టిగా కడిగితే చాలావరకు తగ్గుతుంది.

"అన్నా, ఊళ్లో పార్కు వేస్తే ఈ చెట్లే వరుసగా పెట్టొచ్చు గదా, ఎంత అందంగా ఉంటాయి!" అన్నది చెల్లెలు.

అందమే. కానీ మన ఊళ్లలో పార్కుకు ఎవరు వస్తారు? బస్సు దొరకని పల్లెటూరి మనిషి వస్తాడు, మధ్యాహ్నం ఎండలో పసిబిడ్డను చంకనేసుకున్న తల్లి వస్తుంది. వారికి కావలసినది నీడ. అరకేరియా కింద నిలబడితే తల నీడలో ఉంటే భుజం ఎండలో ఉంటుంది. ఉన్న నీళ్లు ముందు వేపకూ, కానుగకూ, రావికీ పోయాలి. అవి నిలదొక్కుకున్నాక, పచ్చిక మధ్యలో, నలువైపులా ఖాళీ వదిలి, ఒకే ఒక అరకేరియా నాటాలి. లాల్‌బాగ్‌లో ఈ చెట్ల అందం సగం వాటిది, సగం వాటి చుట్టూ వదిలిన ఖాళీది. ముప్పై మొక్కలు వరుసగా నాటి రెండు వేసవులకు ముప్పై ఎండుపుల్లలు చేసుకోవడం కంటే, ఒకదాన్ని నాటి నిలబెట్టుకోవడం ఊరికి గౌరవం.

మిత్రుడి చెట్టు కథ ముగించలేదు గదూ? ఆ రోజు అతనికి ఒక మాట చెప్పి వచ్చాను. నరికిన చోట నిలువు రెమ్మలు లేచేదాకా ఓపిక పట్టమన్నాను. పక్క కొమ్మ నాటితే చెట్టు కాదు గాని, ఆ నిలువు రెమ్మ నాటితే అవుతుంది. అది తల గుణం గలది. రెమ్మలు జానెడున్నర పెరిగి కొంచెం గట్టిపడ్డాక, ఐదింటిని కోసి, ఇసుకా కొబ్బరిపొట్టూ సమంగా కలిపిన కుండీల్లో గుచ్చి, పైన పల్చని ప్లాస్టిక్ సంచి కప్పి నీడన పెట్టాము. నెలలు గడిచాయి. ఒకటొకటిగా నాలుగు గోధుమరంగుకు తిరిగాయి. ఐదోది పచ్చగా ఉండి, కొనన కొత్త చిగురు తోసింది.

ఈ ఆగస్టు నెలాఖరున లేపాక్షి దారిలో మిత్రుడికున్న చిన్న తోటలో దాన్ని నాటాము. పాత చెట్టు పుట్టిన ఏడాదే పుట్టిన కూతురు సెలవుకు ఇంటికి వచ్చి ఉన్నది. తండ్రి పలుగు అందుకోబోతుంటే, "ఉండు నాయనా" అని ఆపింది. గుంత తవ్వవలసిన చోట నిలబడి, తలెత్తి పైకి చూసింది. తీగ లేదు, గోడ లేదు. దక్షిణం పక్క కనుచూపు మేర ఖాళీ.

"ఇప్పుడు తవ్వు" అన్నది.